మన పారాచూట్ ఎవరి చేతిలో ఉంది?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులకు రమ్మని సంఘం అక్క ఫోను చేసినప్పుడు, "నాకు తెలిసినవి రెండే అక్కా. కంప్యూటర్ ముందు కూర్చోవటం ఒకటి, విమానంలోంచి దూకటం ఒకటి" అన్నాను. "మొదటిది మా ఇంట్లో ఇద్దరు చెయ్యనే చేస్తున్నారు, రెండోదాని గురించి చెప్పు" అన్నదామె. పొద్దున్నించీ మీరు కూలి రేట్ల గురించీ, గృహహింస కేసుల గురించీ మాట్లాడుకున్నారు. వీటి మధ్య ఈ డబ్బున్నవాళ్ళ సరదా ఏమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. డబ్బుతో కూడిన ఆటే, కాదనను. కానీ ఆ ఆట జరిగే చోట కూడా కూలి రేట్లున్నాయి, గృహహింసా ఉంది.

నేను పెళ్ళి చేసుకుని కాలిఫోర్నియా వెళ్ళినదాన్ని. నలభై ఒకటో ఏట, మా అబ్బాయి కాలేజీకి వెళ్ళిన సంవత్సరం, మొదటిసారి దూకాను. "ఇప్పుడేం లోటొచ్చిందమ్మా?" అని మా అత్తగారు ఫోన్లో అడిగారు. లోటు లేకపోతే ఆడవాళ్ళు ఇంట్లోంచి కదలకూడదు కాబోలు. మావారు మాత్రం ఒక్క మాటన్నారు: "నీ పారాచూట్ ఎవరు మడుస్తారు?" ఆయన భయంతో అడిగినా, అసలు ప్రశ్న అదేనని నాకు తర్వాత అర్థమైంది.

ముందు ఆ చోటెలా ఉంటుందో చెప్తాను. దాన్ని డ్రాప్‌జోన్ అంటారు. ఊరికి దూరంగా ఒక చిన్న విమానాశ్రయం, రేకుల షెడ్డు లాంటి పెద్ద హేంగర్, లోపల నేలంతా పాత తివాచీలు. శని ఆదివారాల్లో పొద్దున్నే జనం చేరి మబ్బుల వంకా, గాలి సంచీ వంకా చూస్తూ కూర్చుంటారు. మన రైతుల్లాగే! గాలి ఎక్కువైతే ఆ రోజుకింతే. విమానం పదమూడు వేల అడుగులకు తీసుకెళ్తుంది. అక్కణ్ణించి దూకితే దాదాపు ఒక నిమిషం పాటు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడతాం. తర్వాత పారాచూట్ తెరవాలి. వీపు మీది సంచీలో రెండుంటాయి. ఒకటి రోజూ వాడే మెయిన్, రెండోది అది పని చెయ్యనప్పుడు వాడే రిజర్వు. మనిషి స్పృహ తప్పినా, హేండిల్ దొరక్కపోయినా, నేల దగ్గర పడుతుంటే తనంతట తనే రిజర్వును తెరిచే చిన్న యంత్రం కూడా ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న రకం 1991లో జర్మనీలో మొదట తయారైంది. ఇలాంటివాటి వల్లా, శిక్షణ వల్లా మరణాలు బాగా తగ్గాయి. అమెరికాలో 1970లలో ఏడాదికి సగటున నలభై మందికి పైగా పోయేవారు. 2023లో ముప్ఫై ఆరు లక్షలకు పైగా దూకుళ్ళలో పది మంది పోయారు. పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఈ లెక్క ఓదార్పు కాదు, అయినా మీకు తెలియాలి.

రిజర్వును లైసెన్సున్న పనివాళ్ళే మడవాలని అక్కడ చట్టం. దానికి వాళ్ళు సీలు వేసి సంతకం పెడతారు. మెయిన్ మాత్రం దూకేవాళ్ళు తామే మడుచుకోవచ్చు, లేదా డబ్బిచ్చి మడిపించుకోవచ్చు. ఆ తివాచీల మీద మోకాళ్ళ మీద కూర్చుని పొద్దుగూకులూ మడిచేవాళ్ళను ప్యాకర్లంటారు. మా దగ్గర వాళ్ళలో సగానికి పైగా ఆడపిల్లలే. మడతకింత అని కూలి. నేను చేరినప్పుడు ఏడు డాలర్లు. వాన పడితే సున్నా. జబ్బు చేస్తే సున్నా. బీడీలు చుట్టే అక్కలు ఇక్కడున్నారు కదా, వెయ్యికింత అన్న లెక్క మీకు నేను వివరించనక్కర్లేదు. తాడు ఒక్కటి అటు ఇటైతే పైన ఉన్న మనిషి ప్రాణం మీదికొస్తుంది. అంత బాధ్యత పెట్టి, చెయ్యి ఆగితే కూలి లేదంటారు. విమానాలు వరసగా ఎగిరే రోజున వాళ్ళ చేతులు చూస్తే నాకు భయం వేసేది. ఒక వేసవిలో డబ్బు కోసం కాదు గానీ నేర్చుకుందామని నేనూ కూర్చున్నాను. సాయంత్రానికి మోకాళ్ళు వాచిపోయాయి.

నాకు చదువు చెప్పిందీ వాళ్ళే. శిక్షణకిచ్చే రిగ్గులు ఎక్కువగా మగవాళ్ళ కొలతలకు సరిపోతాయి. రెండో దూకుడు రోజున నాకిచ్చిన పట్టీలు భుజాల దగ్గర వదులుగా ఉన్నాయి. నాకది తెలుస్తూనే ఉంది. ఇన్‌స్ట్రక్టరు హడావిడిలో ఉన్నాడు, ఇంజను తిరుగుతోంది, అందరూ ఎక్కేశారు. నోరు విప్పలేదు. పది మంది మగవాళ్ళు ఎదురు చూస్తుంటే "ఆగండి" అనటానికి మన గొంతు ఎందుకు రాదో మీకు తెలుసు. తివాచీ మీది పిల్ల ఒకతి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, పరిగెత్తుకొచ్చి నన్ను దింపేసింది. పట్టీలు బిగించి, "నువ్వు ఆగమంటే విమానం ఆగుతుంది. ఆగకపోతే నువ్వు ఎక్కొద్దు" అన్నది. ఇన్‌స్ట్రక్టరు మొహం చిట్లించాడు. ఆ రోజు నాది ఆఖరి విమానమైంది.

ఇంకోటీ చెప్పాలి. పట్టీలు చూసే నెపంతో చేతులు ఎక్కడెక్కడికో పోయే మనుషులు అక్కడా ఉన్నారు. బస్సుల్లో ఉన్నట్టే. ఇప్పుడు మా దగ్గర కొత్తవాళ్ళకు మొదటి గంటలోనే ఒకటి నేర్పుతారు: అడక్కుండా ఎవరి రిగ్గునూ ముట్టుకోకూడదు, ఇన్‌స్ట్రక్టరైనా "చూడనా?" అనే అడగాలి. దానికోసం ఆ ప్యాకర్ పిల్లలు మూడేళ్ళు పోట్లాడారు. అమెరికాలో దూకేవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి పదిహేను మంది లోపే. ఎందుకు రారని సమావేశాలు పెట్టేవాళ్ళు ముందు ఈ సంగతి వినాలి.

మొదట్లో ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. జార్జియా బ్రాడ్విక్ అని ఉత్తర కరొలైనా పిల్ల. 1893లో పుట్టింది. పన్నెండో ఏట పెళ్ళి, ఆ వెంటనే కూతురు, తోడు లేని సంసారం, దూది మిల్లులో రోజుకు పద్నాలుగు గంటల పని. సంతలో బెలూన్ మీంచి దూకే ప్రదర్శన చూసి ఆ జట్టులో చేరిపోయింది. కూతుర్ని తల్లి దగ్గర వదిలి, డబ్బు పంపే ఒప్పందం మీద. 1908లో మొదటి దూకుడు. పొట్టిగా ఉండేది, అందుకని "బొమ్మ పిల్ల" అని బోర్డు రాసి, కుచ్చుల గౌనూ రిబ్బన్లూ తొడిగి దూకించారు. ఆ వేషం ఆమెకు అసలు ఇష్టం లేదు. చూసేవాళ్ళు మాత్రం దాన్నే చూడటానికొచ్చేవారు. 1914లో శాన్ డియాగోలో సైన్యానికి పారాచూట్ చూపించటానికి దూకినప్పుడు, విమానానికి కట్టిన తాడు తోకలో చిక్కుకుంది. వెనక్కి ఎక్కలేదు, కిందికి పోలేదు. బొమ్మ పిల్ల తాడు కోసేసుకుని, మిగిలిన ముక్కను తన చేత్తో లాగి పారాచూట్ తెరుచుకుంది. దూకే మనిషి తానే తెరుచుకోవచ్చని సైన్యం వాళ్ళు అప్పుడు చూశారు. రిబ్బన్ల సంగతి వాళ్ళలో ఎవరికైనా గుర్తుందో లేదో.

మన దేశంలో రేచల్ థామస్ 1979లో దూకింది. శీతల్ మహాజన్ 2004లో ముందు ఒక్క దూకుడైనా అలవాటు లేకుండా ఉత్తర ధ్రువంలో దూకింది. 2018లో ఆమె థాయ్‌లాండ్‌లో తొమ్మిది గజాల చీర కట్టి దూకితే పేపర్లన్నీ చీర గురించే రాశాయి. చీర ఆమె ఇష్టపడి కట్టుకున్నది, కాబట్టి జార్జియా గౌనుతో పోల్చను. కానీ అప్పటికి పద్నాలుగేళ్ళ అనుభవం ఆమెది, దాని గురించి రెండు వాక్యాలైనా రాయాల్సింది.

విమానం లేకుండా దూకేవాళ్ళూ ఉన్నారు. భవనాలు, టవర్లు, వంతెనలు, కొండల మీంచి. ఆ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి బేస్ అంటారు. అందులో నాలుగూ పూర్తి చేసినవాళ్ళకు వరస నంబర్లిస్తారు. మూడో నంబరు జీన్ బోనిష్ అనే ఆమెది, నాలుగు ఆమె భర్త కార్ల్‌ది. 1984లో నార్వే కొండల్లో ఆయన దూకి చనిపోయాడు. కొద్ది రోజులకే ఆమె అదే కొండ మీంచి దూకింది. అది మెచ్చుకోవాలో వద్దో నాకిప్పటికీ తేలలేదు. బేస్‌లో ఎత్తు తక్కువ, రిజర్వు తెరిచే వ్యవధే ఉండదు కాబట్టి సాధారణంగా ఒక్క పారాచూటే ఉంటుంది. నేనెప్పుడూ దూకలేదు, దూకను.

అందులో జాన్ డేవిస్ కథ మాత్రం మనలాంటి హక్కుల సంఘాల వాళ్ళు తెలుసుకోవాలి. అమెరికాలో యోసెమిటీ పార్కులో కొండ మీంచి దూకటం నిషేధం. దానికి నిరసనగా 1999 అక్టోబర్‌లో కొందరు అందరూ చూస్తుండగా దూకి అరెస్టవుదామనుకున్నారు. ఆమెకు అరవై ఏళ్ళు. అధికారులు సామాను జప్తు చేస్తారని, మంచి రిగ్గు ఇంట్లో పెట్టి అరువు తెచ్చినది కట్టుకుంది. తన దానికి పారాచూట్ తెరిచే పట్టు వీపు వైపు, దీనికి కాలి దగ్గర. తెరుచుకోలేదు. కింద భర్త కెమెరాతో ఉన్నాడు. నిషేధం సబబా కాదా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. సాహసం ఆమె హక్కే అంటాను నేను. కానీ ఆ రోజు ఆమె చేతికి అలవాటైన రిగ్గు ఇంట్లో ఉండిపోయింది.

ఇక చివరిది. ఇంగ్లండ్‌లో 2015 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం, ఒకామె నాలుగు వేల అడుగుల నుంచి దూకింది. తానే ఇన్‌స్ట్రక్టరు, రెండు వేలకు పైగా దూకుళ్ళ అనుభవం. రెండో బిడ్డ పుట్టి కొద్ది వారాలే. మెయిన్ తాళ్ళు చిక్కుబడి ఉన్నాయి. రిజర్వు తెరిస్తే, దాన్ని పట్టీలకు కలిపే లింకులు రెండు లేవు. గిరగిరా తిరుగుతూ దున్నిన పొలంలో పడింది. వెన్నూ, కటి ఎముకలూ, పక్కటెముకలూ విరిగాయి. బతికింది. ముందు రోజు ఆ రిగ్గును భర్త టాయిలెట్‌లోకి తీసుకెళ్ళాడు. వాతావరణం బాగాలేక ఆ రోజు దూకుడు ఆగిపోయింది. అద్దె రిగ్గును తిరిగి ఇచ్చెయ్యకుండా రాత్రికి లాకర్లో ఉంచారు. దానికి కొద్ది రోజుల ముందే ఇంట్లో గ్యాస్ గొట్టం దగ్గర కూడా అతను చెయ్యి పెట్టాడు. అప్పులూ, వేరే సంబంధాలూ. ఆమె పేరు చాలా పేపర్లు రాశాయి, ఇక్కడ నేను చెప్పను.

గ్యాస్ అనగానే మీలో పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "స్టవ్ పేలి వివాహిత మృతి" అన్న వార్తలు చదువుతూ పెరిగినవాళ్ళం. ప్రమాదం అని రాసేస్తే కథ అయిపోయేది. అక్కడ అలా కాలేదంటే, క్లబ్బు వాళ్ళు నేల మీద పడిన రిగ్గును చూసి, ఒక లింకు పోవచ్చు గానీ రెండు పోవన్నారు. సామాను తెలిసిన మనుషులు ఉన్నారు, అందుకని కేసయింది. కోర్టులో ఆమె తొలిసారి భర్తకు గట్టిగా వ్యతిరేకంగా చెప్పలేకపోయింది. 2017లో జూరీ తేల్చలేకపోయింది. 2018లో రెండో విచారణలో హత్యాయత్నం రుజువై యావజ్జీవం పడింది, పద్దెనిమిదేళ్ళ దాకా విడుదల లేకుండా. ఆమె ఎందుకలా చెప్పిందని అక్కడి జనం తిట్టిపోశారు. మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో కూర్చునేవాళ్ళెవరూ తిట్టరు.

ఆ వార్త వచ్చిన వారం మా హేంగర్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పక్క పక్కనే మడుచుకునే భార్యాభర్తలు చాలామంది ఉన్నారక్కడ. అప్పటికి నేను నా మెయిన్ నేనే మడుచుకుంటున్నాను. ఆ రోజు నుంచి రిగ్గును రాత్రి తాళం వేసే గదిలో పెట్టి, పొద్దున పిన్నూ, హేండిళ్ళూ, రిజర్వు సీలూ చూసుకుని గానీ వీపున వెయ్యను. మావారు ఏమీ అనుకోలేదు. అనుకున్నా అలాగే చేసేదాన్ని.

ఈ సంచీలో తెచ్చింది నా పాత మెయిన్. గుడ్డ పలచబడి దూకటానికి పనికిరాదని తేల్చాక నాకిచ్చేశారు. కుర్చీలు కాస్త వెనక్కి జరిపితే ఇక్కడే పరిచి మడత ఎలా వెయ్యాలో చూపిస్తాను. తాళ్ళు లాగి పట్టుకోవటానికి ఇద్దరు కావాలి. ఎవరొస్తారు?