వెంట్రుకలు నాటించుకునే ముందు: నుదుటి మీద గీత ఎక్కడ ఉండాలి?

(నందికొట్కూరులో రోగుల కుటుంబ సభ్యుల కొరకు జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలోని ప్రసంగ పాఠం)



బి.పి. గురించో షుగరు గురించో చెప్పకుండా జుట్టు గురించి ప్రసంగమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఆ మధ్య ఒక తల్లి ఇరవై మూడేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మా ఓ.పి.కి వచ్చింది. మూడు నెలల్లో పెండ్లి. ఆ లోపల తల ముందుభాగాన వెంట్రుకలు నాటించుకోవాలని అబ్బాయి పట్టు. మిరప అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది. సెల్‌ఫోన్‌లో ఒక సినిమా హీరో ఫోటో చూపించి, "నుదురు ఇంతే కనపడాల సార్" అన్నాడు. తల్లి మాత్రం, "మేము ఏమేమి చూసుకోవాలో చెప్పండి సార్" అని అడిగింది. ఆమెకు చెప్పిన మాటలే ఈ రోజు మీకూ చెబుతున్నాను.

మొదట, జుట్టు ఎందుకు రాలుతుందో తెలుసుకోవాలి. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజమే. టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తర్వాత, కాన్పు తర్వాత, రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో అదే తిరిగి వస్తుంది. కేన్సర్ మందుల వల్ల ఊడిన జుట్టు కూడా చికిత్స ముగిశాక సాధారణంగా మొలుస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ ఉంటే ముందు వాటికి వైద్యం చేయించాలి. పేనుకొరుకుడు వేరే జబ్బు, దానికి వేరే మందులున్నాయి. వీటిలో దేనికీ వెంట్రుకలు నాటడం మొదటి వైద్యం కాదు. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకే ముఖ్యంగా ఈ ఆపరేషన్ పనికివస్తుంది.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. తిరుమలలో తలనీలాలిచ్చినా, వేళాంగణిలో గుండు చేయించుకున్నా జుట్టు మళ్ళీ వస్తుంది. ఎందుకంటే కుదురు చర్మంలోనే ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో ఆ కుదురునే పెకలించి మరోచోట నాటుతారు. తల వెనుక, చెవుల పైభాగాన ఉండే జుట్టు బట్టతల వచ్చినవారికి కూడా నిలిచి ఉంటుంది. దానిని ముందుకు తెచ్చి నాటినా తన గుణం మార్చుకోదు. 1959లో అమెరికా వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ ఈ సంగతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

మన మిషను ఆసుపత్రులకు కూడా ఇది కొత్త కాదు. డాక్టర్ పాల్ బ్రాండ్ గారు 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, కుష్ఠు రోగుల చేతులు బాగుచేసే ఆపరేషన్లకు దారి వేశారు. ఆ జబ్బులో కనుబొమ్మలు ఊడిపోతాయి. జబ్బు నయమైనా ముఖం చూసి జనం దూరంగా జరిగేవారు. అందుకని శస్త్రవైద్యులు తలమీది వెంట్రుకలున్న చర్మాన్ని తెచ్చి కనుబొమ్మల చోట అతికించేవారు. ఆ కనుబొమ్మలు తల జుట్టులాగే పెరుగుతాయి గనుక అప్పుడప్పుడు కత్తిరించుకోవాలి. రూపం కోసం చేసే వైద్యమంతా డాబుసరి కాదని చెప్పడానికే ఈ మాట అన్నాను. మనిషి నలుగురిలో తలెత్తుకొని తిరగడానికి అది పనికి రావాలి.

కె.సి. కెనాల్ కింద వరి నాటేవారికి నారుమడి సంగతి తెలుసు. తల వెనుకభాగం అలాంటి నారుమడే. కాని ఒక తేడా ఉంది. పొలంలో నారు చాలకపోతే మళ్ళీ విత్తనం చల్లుకోవచ్చు. తల వెనుక ఒకసారి పెకలించిన కుదురు అక్కడ మళ్ళీ మొలవదు. చాలామందికి జీవితం మొత్తం మీద సుమారు 4 వేల నుండి 6 వేల కుదుళ్ళకు మించి తీయడం మంచిది కాదు. గీతను ఒక్క సెంటీమీటరు కిందికి దించితే, ఆ సన్నటి పట్టీకే కొన్ని వందల కుదుళ్ళు ఖర్చవుతాయి.

అందుకే గీత ఎక్కడ గీయాలన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు పైకెత్తండి. నుదుటి మీద ముడతలు పడతాయి. చిన్నపిల్లల జుట్టు దాదాపు పై ముడత దగ్గరే మొదలవుతుంది. ఎదిగిన మగవాడి జుట్టు ఆ ముడతకు సుమారు ఒక వేలు వెడల్పు పైన ఉంటుంది. ఇంకో కొలత చెబుతాను. కనుబొమ్మల నడిమి నుండి సుమారు నాలుగు వేళ్ళు, అంటే 7 నుండి 9 సెంటీమీటర్ల ఎత్తు. అంతకన్నా కిందికి దించితే పెద్దవాడి ముఖానికి పిల్లవాడి జుట్టు పెట్టినట్లు ఉంటుంది.

మగవారికి కణతల పైన జుట్టు కొంచెం లోపలికి వెళ్ళి ఉంటుంది. ఆ మూలలను పూర్తిగా పూడ్చమని అడగకూడదు. గుండ్రంగా మూసుకుపోయిన గీత ఆడవారి ముఖానికి అందం. తాడు పట్టి నాటినట్లు తిన్నగా ఉన్న గీత కూడా చూడగానే పట్టిస్తుంది. దేవుడిచ్చిన గీత ఎవరికీ తిన్నగా లేదు, ఇంటికి వెళ్ళి ఒకరి నుదురు ఒకరు చూసుకోండి. ముందు వరుసల్లో ఒక్కొక్క వెంట్రుక ఉన్న కుదుళ్ళు, వాటి వెనుక రెండు మూడు వెంట్రుకలున్నవి పెట్టాలి. అన్నీ ముందుకు వాలినట్లు నాటాలి, నిటారుగా కాదు.

తొందరపడితే ఏమవుతుందో నేను చూశాను. ఒకాయన ఇరవై రెండేళ్ళకే ఎక్కడో బాగా కిందికి గీత గీయించుకున్నాడు. నాటిన జుట్టు నిలిచింది. దాని వెనుక ఉన్న సొంత జుట్టు ఏటేటా రాలిపోయింది. ముప్పై నాలుగేళ్ళకు ముందు ఒక పట్టీ, దాని వెనుక నున్నటి బయలు మిగిలాయి. పూడ్చుకుందామంటే వెనుక నారు లేదు. ప్రార్థనలో తలగుడ్డ తీయవలసి వస్తుందని ఆయన గుడి లోపలికి రాడు, వాకిట్లోనే నిలబడతాడు. బట్టతలతో ఉండి ఉంటే లోపలే కూర్చునేవాడేమో.

కాబట్టి ఇరవై అయిదు దాటని పిల్లలను ఆపండి. తండ్రి, తాత, మేనమామ తలలు చూడండి. బట్టతల పోలిక తల్లి వైపు నుండీ తండ్రి వైపు నుండీ వస్తుంది. యాభై ఏళ్ళకు తల ఎలా ఉండవచ్చో ఊహించి, ఆ వయసుకు కూడా నప్పే గీతే గీయించుకోవాలి. ఉన్న జుట్టును కాపాడుకోవడానికి మినాక్సిడిల్, ఫినాస్టిరైడ్ వంటి మందులున్నాయి. డాక్టరు చెబితేనే వాడాలి. మానేస్తే వాటి ఫలితం కూడా పోతుంది. ఫినాస్టిరైడ్ మాత్ర విరిగి ఉంటే గర్భిణులు ముట్టుకోకూడదు.

పెండ్లి ముందు చేయించుకోవాలనేవారు ఇది కూడా వినండి. నాటిన వెంట్రుకలు రెండు నుండి ఆరు వారాల్లో చాలావరకు రాలిపోతాయి. కుదురు లోపల ఉంటుంది గనుక భయం లేదు. కొత్త జుట్టు మూడు నాలుగు నెలలకు మొలవడం మొదలవుతుంది. పూర్తి రూపం రావడానికి దాదాపు ఏడాది పడుతుంది.

ఇది చిన్న పనే అనుకోవద్దు. 2016లో చెన్నైలో వెంట్రుకలు నాటించుకున్న ఒక వైద్య విద్యార్థి ప్రాణం పోగొట్టుకున్నాడు. మత్తుమందు మోతాదు మించినా, పడకపోయినా ప్రమాదమే. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ ఆపరేషన్ గురించి సూచనలు ఇచ్చింది. సరైన శిక్షణ ఉన్న వైద్యులే చేయాలనీ, వీడియోలు చూసి నేర్చుకోవడం శిక్షణ కాదనీ చెప్పింది.

అక్కడికి వెళ్ళినప్పుడు కొన్ని ప్రశ్నలు అడగండి. డాక్టరు ఏం చదివారు? గీత ఎవరు గీస్తారు, కుదుళ్ళు ఎవరు తీస్తారు? మత్తు వికటిస్తే ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా? ఎన్ని కుదుళ్ళు తీస్తారు, రేపటికి ఎన్ని మిగులుతాయి? బి.పి., షుగరు, రక్తం పలుచన చేసే మందులు, పడని మందులు ఉంటే దాచకుండా చెప్పండి. గీత గీసిన తర్వాత కూర్చోబెట్టి అద్దంలో చూపించమనండి, ఇంటివారు కూడా చూడండి. "ఈ రోజే డబ్బు కడితే తగ్గింపు" అంటే లేచి ఇంటికి రండి. సందేహముంటే ముందుగా కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవచ్చు.

ఆ అబ్బాయి ఏం చేశాడంటారా? అంతా విని, "అయితే పెండ్లి నాటికి ఇప్పటికన్నా బోడిగా కనపడతానా సార్?" అని అడిగాడు. తల్లి నవ్వింది. చివరికి వాడూ నవ్వాడు. మందులు వాడుతూ రెండేళ్ళు ఆగుదామనుకున్నారు. పెండ్లికూతురికి ముందే ఆ సంగతి చెప్పమన్నాను. చెప్పారు. ఆ అమ్మాయి, "ఫోటోలో చూసిందే గదా" అన్నదట.

ఎలీషా ప్రవక్త బట్టతలవాడేనని బైబిలు చదివేవారికి తెలుసు. దానివల్ల ఆయన సేవ ఏమీ తగ్గలేదు. నాటించుకోవడం తప్పు కాదు, నాటించుకోకపోవడం లోపమూ కాదు. మీ ఇంటి పిల్లవాడు ఈ మాట ఎత్తినప్పుడు ఎగతాళి చేయకండి, అప్పు తెచ్చి చేతిలోనూ పెట్టకండి. పక్కన కూర్చుని, అద్దం తెచ్చి, నాలుగు వేళ్ళు కొలిచి చూపించండి.

దేవుడు మిమ్మల్నీ మీ కుటుంబాలనూ దీవించును గాక.