సహవాసము – స్వధర్మము



మదనపల్లెలోను పుంగనూరులోను సత్సంగ మహిమను గూర్చి ప్రసంగించి, నేడు మీ కుప్పమునకు వచ్చితిమి. పుంగనూరులో హారతి అయిన పిమ్మట ఒక గృహస్థు మా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న అడిగినారు. పదిమందిలో అడుగుటకు సంకోచించి, అందరును వెళ్ళిన దాక స్తంభము చాటున వేచియుండిరి. పేరు చెప్పకుండ ప్రస్తావించుటకు వారి అనుమతి పొంది, ఆ ప్రశ్ననే నేటి విషయముగా గైకొనుచున్నాము.

వారికి బాల్యమిత్రుడొకడు కలడు. ఇద్దరును ఒకే వీధిలో పెరిగినవారు. ఏటేట కలిసి బోయకొండ ఎక్కి గంగమ్మ తల్లిని దర్శించుకొనెడివారు. కొన్నేండ్ల క్రిందట ఆ మిత్రుడు క్రైస్తవమును స్వీకరించినాడు. పేరునకు మాత్రము కాదు. ఆదివారపు ప్రార్థన మానడు, మద్యము మానినాడు, పాత అప్పులన్నియు తీర్చినాడు. కాని ప్రసాదమునకు చేయి చాపడు. "తీసికోలేనురా, తప్పుగా అనుకోవద్దు" అనును. ఈ యేడు కూడ కొండ దాక వచ్చి, మెట్ల యొద్దనే ఆగి, చెప్పులకును బండికిని కాపలా కూర్చున్నాడట. "అమ్మవారి ప్రసాదము వలదన్నవానితో నీకు స్నేహమేమి?" అని ఇంటి పెద్దలు కోపగించుచున్నారు. అటు అతని సంఘములోను, "విగ్రహారాధకులతో అంత చనువేల?" అనువారు లేకపోలేదు. "స్వామీ! నలువది యేండ్ల స్నేహము. నేనేమి చేయవలెను?" అని అడుగునప్పుడు వారి కన్నులు చెమర్చినవి.

మొదట ఆ మిత్రుని మనస్సును తెలిసికొందము. తెలియనిదానిపై కోపము తెచ్చుకొనుట భక్తులకు తగదు. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దిలో పౌలు అను ప్రచారకుడు కొరింథు అను గ్రీకు పట్టణములోని క్రైస్తవులకు లేఖలు వ్రాసెను. అది గుళ్ళు, బలులు, అంగళ్ళు నిండిన రేవుపట్టణము. దేవతలకు అర్పించిన మాంసమే అంగడిలో అమ్మకమునకు వచ్చెడిది. మన పుంగనూరు మిత్రునికి వచ్చిన చిక్కే వారికిని వచ్చినది. పౌలు చెప్పిన దాని సారమిది: అన్యమతస్థుడు భోజనమునకు పిలిచినచో వెళ్ళవచ్చును, వడ్డించినది ప్రశ్నింపక తినవచ్చును, కాని ఇది దేవతకు అర్పించినదని ఎవరైన చెప్పినచో దానిని మానవలెను. చూచితిరా! మీ యింటి అన్నము వలదని ఆయన చెప్పలేదు. మీ మిత్రుడు మీ యింట చద్ది తినును, ప్రసాదము తినడు. మీరు ఏకాదశినాడు బంధువుల యింట విస్తరి ముందు కూర్చుండక లేచినచో అది ఆ బంధువునకు అవమానమా? ఇదియు అట్టి నియమమే.

ఆ పౌలే, చెడు సహవాసము మంచి నడతను చెరుపునని హెచ్చరించెను. అవిశ్వాసులతో జోడుకాని కాడి మోయవలదనియు చెప్పెను. ఈ కాడి మాట పుంగనూరు వారికి విప్పి చెప్పనక్కరలేదు. మూడడుగులకు అటునిటుగ ఎత్తుండు పొట్టి పశువుల జాతికి పుట్టినిల్లు ఆ సీమ. ఆ పొట్టి గిత్తను, ఎత్తైన మరియొక ఎద్దును ఒకే కాడికి కట్టినచో ఏమగును? చాలు వంకరపోవును, రెండింటి మెడలును పుండ్లు పడును. తప్పు గిత్తదియు కాదు, ఎద్దుదియు కాదు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్రములోను ఎద్దును గాడిదను జతగట్టి దున్నరాదను నియమము కలదు. క్రైస్తవ బోధకులు దీనిని ముఖ్యముగ వివాహ విషయమున చెప్పుదురు. పెండ్లి సంబంధము, పూజ, వ్రతము, ఇవి కాడి వంటివి. కాడి కలియని పశువులు ఒకే బయట మేయవా? ఒకే చెరువున నీరు త్రాగవా? ఆ మతమువారు గురువుగా, దైవముగా కొలుచు క్రీస్తే సుంకరులతోను, పాపులని పేరుపడినవారితోను పంక్తిన కూర్చుండి భుజించి, పెద్దల చేత నిందలు పడెనని వారి సువార్తలు చెప్పుచున్నవి. కనుక నిష్ఠగల క్రైస్తవుడు స్నేహితులను ఎంచుకొనునప్పుడు ఒక చెవిలో పౌలు హెచ్చరికను, ఒక చెవిలో ఆ పంక్తిభోజనపు కథను వినుచుండును. అతని పని సులభము కాదు.

మన శాస్త్రములు చెప్పునదేమి? భాగవతములో కపిల భగవానుడు తల్లియైన దేవహూతికి ఉపదేశించుచు, సంగము విషయములయందు బంధహేతువనియు, అదియే సాధువులయందైనచో మోక్షద్వారమనియు తెలిపెను. ఆ సాధువునకు చెప్పిన లక్షణములు ఓర్పు, దయ, సర్వభూతములయెడ స్నేహభావము మొదలైనవి. మీ మిత్రుడు త్రాగుడు మానినాడు, అప్పులు తీర్చినాడు, మీ చెప్పులకు కాపలా కూర్చున్నాడు. ఇవి ఏ కోవకు చెందునో మీరే చెప్పుడు. విభీషణుడు శరణు జొచ్చినప్పుడు శత్రువు తమ్ముడని సుగ్రీవుడు వారించెను. రాముడు వినెనా?

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కొందరికి చేదుగా తోచవచ్చును. ప్రసాదము వలదన్నాడని నొచ్చుకొను మన ఇండ్లలోనే, తరతరములుగ ఎందరికి గడప దాటనీయక దోసిట నీళ్ళు పోసితిమి? మనము పెట్టని నాడు వారికి నొప్పి కలుగలేదా?

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమును మీరందరును ఎరుగుదురు. 1912లో క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అను డేనిష్ క్రైస్తవ వైద్యుడు క్షయరోగుల సేవకై ఆ సంస్థను ఆరంభించెను. వేరువేరు క్రైస్తవ మిషన్లు ఏకమై దానిని పోషించినవి. క్షయకు సరియైన మందు లేని ఆ దినములలో సొంత అన్నదమ్ములే రోగి దగ్గును విని దూరముగ జరిగెడివారు. అట్టివారిని ఆయన తన సహవాసులుగ ఎంచుకొనెను. స్వధర్మమునందు నిష్ఠ పరులను దూరము చేయునను మాటకు ఆ కొండగాలిలోని వార్డులే జవాబు.

మదనపల్లెకే 1919లో రవీంద్రనాథ టాగూరు వచ్చి, దివ్యజ్ఞాన కళాశాలలో ఐరిష్ దేశస్థుడైన జేమ్స్ కజిన్స్ దంపతులకు అతిథియై, జనగణమనను ఆంగ్లములోనికి అనువదించెను. ఆ టాగూరునకు ప్రాణస్నేహితుడు సి.ఎఫ్. ఆండ్రూస్. క్రైస్తవ గురువుగా 1904లో మన దేశమునకు వచ్చినవాడు. 1914లో దక్షిణాఫ్రికాలో గాంధీగారిని కలిసి, మన ఆచారము ననుసరించి పాదములకు నమస్కరించెను. అక్కడి తెల్లవారు దానికి మండిపడిరి. 1924లో ఢిల్లీలో గాంధీగారు హిందూ ముస్లిం ఐక్యతకై ఇరువదియొక్క దినములు ఉపవసించినప్పుడు ప్రక్కనుండి సేవచేసినవారిలో ఆండ్రూస్ ఒకడు. దీక్ష విరమణ వేళ ఖురాను పఠనము జరిగినది, ఉపనిషత్తు పఠించబడినది, ఆండ్రూస్ సిలువను గూర్చిన తన కీర్తనను పాడెను. ఎవరి పాట వారిదే. ఆయన గాంధీని క్రైస్తవునిగా మార్చలేదు, తాను హిందువు కాలేదు.

మతము మార్చుటకే చెలిమి చేయువారును కలరు గదా యని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. కలరు. లెక్కకై కట్టిన చెలిమి చెలిమి కాదు. అట్టి దానిని మర్యాదగ విడుచుటయే మేలు. అయితే ఆ కొలబద్దను మనకును పెట్టుకొనవలెను. అతనిని తిరిగి గుడికి తెత్తునను పట్టుదలతో మీరు స్నేహము సాగించినచో అదియు బేరమే యగును.

ఇదంతయు ఆ గృహస్థుకు క్లుప్తముగ చెప్పితిమి. ఇంటి పెద్దలను ఎదిరింపవద్దనియు, మిత్రుని చేతిలో ప్రసాదము బలవంతముగ పెట్టవద్దనియు, అతని పండుగకు పిలిచినచో వెళ్ళి భోజనము చేసి రమ్మనియు చెప్పితిమి. తుదకు, "ఈ యేడు కొండ దిగివచ్చిన పిమ్మట ఏమి చేసితిరి?" అని అడిగితిమి.

"ఎప్పటివలెనే టీ అంగడిలో కూర్చుంటిమి స్వామీ," అనినారు. "డబ్బులు వాడే ఇచ్చినాడు."