పోనీబాయ్: దారి తప్పబోయి నిలదొక్కుకొనిన బాలుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పెద్దలు అడుగు ప్రశ్న యొకటి కలదు. చెడుత్రోవ త్రొక్కిన కుర్రవాని కథలు కుర్రవాండ్ర చేతి కీయవచ్చునా? కత్తులు, సిగరెట్లు, కొట్లాటలు గల పుస్తకము చదివి పిల్లవాడు బాగుపడునా, చెడునా? ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. అడుగువాడు కన్నతండ్రి. నీతులు చెప్పి ఆయనను ఒప్పించుటకంటె అట్టి పుస్తకము నొక్కదానిని విప్పి చూచుట మేలు. అమెరికా దేశమున 1967లో వెలువడిన ‘ది అవుట్‌సైడర్స్’ అను నవల అట్టిది. వెలుపలివారు అని ఆ పేరునకు అర్థము.

దీనిని వ్రాసినది ఎస్. ఇ. హింటన్. ఓక్లహామా రాష్ట్రమందలి టల్సా నగరములో ఉన్నత పాఠశాలలో చదువుకొనుచు 15వ యేట మొదలుపెట్టినది. అచ్చయి వచ్చునప్పటికి ఆమెకు 18 ఏండ్లు. సినిమా చూచి ఇంటికి పోవుచున్న స్నేహితు నొకనిని కొందరు కొట్టగా, ఆ కోపముతో కలము పట్టినదట. మగపిల్లల కొట్లాటల కథ ఆడుపిల్ల వ్రాసినదన్నచో విమర్శకులు చులకన చేయుదురని ప్రకాశకులు పేరు దాచి అక్షరములు మాత్రమే వేసిరి. ఇది వ్రాయుచున్న యేడే బడిలో రచనాభ్యాసమున ఆమెకు ‘డి’ మార్కు వచ్చెను. మార్కులతో పిల్లలను తూచు ఉపాధ్యాయులు ఈ సంగతి గమనింతురు గాక!

కథానాయకుడు పోనీబాయ్ కర్టిస్. వయస్సు 14. తలిదండ్రులు మోటారు ప్రమాదమున మరణించిరి. పెద్దన్న డారీ 20 ఏండ్లవాడు. కాలేజి ఆశ విడిచి ఇండ్ల పైకప్పులు వేయు పనికి పోవుచున్నాడు. నడిమివాడు సోడాపాప్ చదువు మాని పెట్రోలు బంకులో చేరినాడు. ముగ్గురును బుద్ధిగా నున్నంతకాలమే ఒక ఇంట నుండవచ్చును. లేనిచో ప్రభుత్వము చిన్నవారిని అనాథ బాలుర వసతికి పంపును. ఊరిలో కుర్రవాండ్రు రెండు ముఠాలు. తలకు నూనె దట్టముగా రాచుకొను పేదవారు గ్రీజర్లు, కార్లలో తిరుగు ధనికుల పిల్లలు సోష్‌లు. పోనీబాయ్ గ్రీజరు, కాని వానికి పుస్తకములన్నను, సూర్యాస్తమయమన్నను ప్రాణము.

ఒకనాటి రాత్రి పోనీబాయ్ తన మిత్రుడు జానీతో కూడి బయలున వెల్లకిల పరుండి, నక్షత్రములు చూచుచు నిద్రపోయెను. రెండు గంటలకు ఇల్లు చేరెను. డారీ నిద్ర లేక కూర్చుండియున్నాడు. పోలీసులకు చెప్పుదమన్న పిల్లలను తీసికొనిపోవుదురను భయము. చెప్పకున్న తమ్ముడు ఏమైనాడోయను భయము. మాటకు మాట పెరిగెను. డారీ తమ్ముని చెంప పగులగొట్టెను. ఆ ఇంట అంతకుముందు ఎవ్వరును వానిపై చేయి చేసికొనలేదు. పోనీబాయ్ వీథిలోనికి పరుగెత్తెను.

ఆ ఒక్క దెబ్బ కథ నంతటిని నడపినది. తెలుగువారికి దారితప్పిన పిల్లవాడు క్రొత్తవాడు కాడు. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ కలడు. అతని అక్క బ్రతిమాలి, లాలించి చెప్పినది. కొన్నాళ్లు బుద్ధిమంతుడుగా నటించి ఒకరేయి ఆ అక్క ముక్కరతో గూడ ఉడాయించినాడు. అక్కడ మధురమైన మాట పని చేయలేదు. ఇక్కడ కఠినమైన దెబ్బయు పని చేయలేదు. నిగమశర్మను తుదకు క్షేత్రమహిమ తరింపజేసినది. టల్సా బాలునికి అట్టి క్షేత్రము లేదు. తన్ను కొట్టిన చేయి తన కొరకే పనిచేసి కాయలు కాచినదని తానే తెలిసికొనవలెను. అది తెలియుటకు ఎంత వెల పట్టెనో చూడుడు.

ఆ రాత్రియే ఉద్యానవనమున సోష్‌లు వచ్చిపడి పోనీబాయ్ తలను నీటిలో ముంచి పట్టిరి. పదునారేండ్ల జానీ, ఇంట తండ్రి దెబ్బలు తిని, వెలుపల వీరి దెబ్బలు తిని, భయముచే జేబులో కత్తి నుంచుకొన్నవాడు, బాబ్ అనువానిని పొడిచెను. బాబ్ చనిపోయెను. పిల్లలిద్దరును పారిపోయి కొండమీది పాడుబడిన చర్చిలో దాగిరి. గుర్తు పట్టకుండుటకై జుట్టు కత్తిరించుకొనిరి. ‘గాన్ విత్ ది విండ్’ నవల బిగ్గరగా చదువుకొనుచు దినములు పుచ్చిరి. ఒక ఉదయమున పోనీబాయ్ రాబర్ట్ ఫ్రాస్టు పద్యమొకటి వినిపించెను. లేతదనపు వన్నె ఎక్కువకాలము నిలువదను భావము దానిది. బడికి సరిగా పోని జానీ ఆ పద్యమును మరువలేదు.

లొంగిపోవుదమని నిశ్చయించుకొను సమయమున ఆ చర్చికి నిప్పంటుకొని, విహారమునకు వచ్చిన చిన్నపిల్లలు లోపల చిక్కుకొనిరి. తాము పారవేసిన సిగరెట్టు ముక్కయే కారణమేమోనని పోనీబాయ్ లోనికి ఉరికెను. జానీయు వెంట ఉరికెను. పిల్లలు బ్రతికిరి. జానీ వెన్నెముక విరిగినది. ఆసుపత్రికి డారీ వచ్చెను. తలిదండ్రుల అంత్యక్రియలనాడైనను ఏడ్వని డారీ అక్కడ ఏడ్చెను. పోనీబాయ్‌కి అప్పుడు తెలిసినది. ఇల్లు విడిచి వారము తిరిగినది; ఒక ప్రాణము పోయినది; మరియొకటి పోనున్నది.

జానీ మరణించెను. అది సహింపలేని మిత్రుడు డాలీ, గుండ్లు లేని తుపాకి పోలీసులపై నెత్తి, కాల్పించుకొని చచ్చెను. ముఠాల పోరు సంగతి చెప్పనక్కరలేదు. ఎవరు గెలిచినను ఎవరికిని ఒరిగినది లేదు.

తండ్రులు గమనింపవలసిన ఘట్టము దీని తరువాతిది. పోనీబాయ్ మనస్సు చెదరినది. జానీ చావలేదనియు, బాబ్‌ను చంపినది తానేననియు పలుకసాగెను. చదువు అడుగంటెను. సోష్‌లు ఎదురుపడగా సీసా పగులగొట్టి వారిని బెదరించెను. ఇక వీడును కఠినుడై పోయినాడని మిత్రుడు భయపడెను. వారు వెడలిపోగానే పోనీబాయ్ వంగి గాజుపెంకు లేరసాగెను. ఎవరి బండి చక్రము చెడునోయని! రచయిత్రి ఇచ్చట ఒక్క ఉపదేశవాక్యమును వ్రాయలేదు. వ్రాయకుండుటయే ఆమె ప్రజ్ఞ.

ఇంట మరల అన్నదమ్ములు తగవులాడిరి. సోడాపాప్ సహింపలేక లేచి పరుగెత్తెను. ఇద్దరును చెరియొక ప్రక్క లాగుచుండగా నడుమ తాను చీలిపోవుచున్నానని ఏడ్చెను. అన్నదమ్ముల పంపకములు చూచిన పల్లెవారికి ఆ నడిమివాని దుఃఖము వివరింపనక్కరలేదు.

ఇట్టి పుస్తకమును పాఠశాలలనుండి తొలగింపుమని అడిగినవారు ఆ దేశమునను కలరు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో చెంత లోన్ స్టార్ పాఠశాల గ్రంథపాలకురాలు జో ఎలెన్ మిసకియన్ మాత్రము చదువన్న విముఖులైన పిల్లలు దీనిని వదలక చదువుట చూచెను. 1980లో ఆమెయు విద్యార్థులును కలిసి, సంతకములు చేసి, దీనిని చలనచిత్రముగా తీయుమని దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు జాబు వ్రాసిరి. 1983లో చిత్రము వచ్చినది. అది వారికే అంకితము. ఒక చిన్న బడి గ్రంథాలయము నుండి వెడలిన ఉత్తరమునకు అంత ఫలము కలిగినది.

ఇక పోనీబాయ్ సంగతి. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు వానిని తప్పింపక, మంచి వ్యాసము వ్రాసి తెచ్చినచో చూచెదననెను. ఏమి వ్రాయవలెనో తోచలేదు. ‘గాన్ విత్ ది విండ్’ విప్పగా నడుమ జానీ చనిపోవుటకు ముందు వ్రాసిన జాబు దొరకెను. ఆ పిల్లల ప్రాణములకై తన ప్రాణము పోవుట తగినదేయనియు, డాలీకి ఒక సూర్యాస్తమయము చూపుమనియు అందు కలదు. చూపుటకు డాలీ లేడు. పోనీబాయ్ కాగితము ముందుంచుకొని, సినిమాహాలు వెలుపలికి తాను వచ్చిన నాటి సంగతితో మొదలిడెను. నవలలోని మొదటి వాక్యమును అదియే, కడపటి వాక్యమును అదియే.