"తర్వాత చూద్దాం" అన్న మాట



ఉద్యమంలో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది: "ముందు పెద్ద శత్రువు సంగతి చూద్దాం, మీ భూమి సంగతి తర్వాత." ఈ మాట ఎక్కడికి తీసుకెళ్తుందో స్పెయిన్ అంతర్యుద్ధంలో చూడొచ్చు.

1936 జులైలో అక్కడ సైన్యాధికారులు ఎన్నికైన ప్రభుత్వం మీద తిరగబడ్డారు. బార్సిలోనాలో వాళ్లని ఆపిందెవరు? సీఎన్‌టీ అనే కార్మిక సంఘంలోని అరాచకవాదులు. దొరికిన తుపాకులు పట్టుకుని, ప్రభుత్వం వైపు నిలిచిన పోలీసులతో కలిసి వీధుల్లో పోరాడారు. మన దగ్గర అరాచకం అంటే గందరగోళం. వాళ్లకి మాత్రం పైన దొర, సర్కారు లేకుండా జనమే నడుపుకునే బతుకు.

ఫ్యాక్టరీలు, ట్రాములు కార్మికులే నడిపారు. అరగాన్ పల్లెల్లో భూములు కలిపి సాగు చేశారు. అంతా మంచే జరిగిందని అనను. కొన్నిచోట్ల చిన్న రైతుల్ని బలవంతంగా కలిపారు. విచారణ లేకుండా మతగురువుల్ని చంపినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. అది దాచకూడదు.

నవంబరులో, రాజ్యమే వద్దన్నవాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. ఫ్రాంకోకి హిట్లర్, ముస్సోలినీ అండ ఉంది, ఐక్యత కావాలన్నారు. ఆ భయం నిజమే. కానీ 1937 మేలో బార్సిలోనా టెలిఫోన్ భవనం దగ్గర సొంత పక్షం పోలీసులతోనే కాల్పులు జరిగాయి. తుపాకులు దించమని ఆ మంత్రులే రేడియోలో చెప్పారు. ఆగస్టులో ప్రభుత్వం అరగాన్ మండలిని రద్దు చేసి సైన్యాన్ని దించింది. చాలా ఊళ్లలో ఉమ్మడి సాగు చెదిరిపోయింది. 1938 మార్చిలో అరగాన్ మీదికి ఫ్రాంకో సేనలు దూసుకొచ్చాయి.

ఇంకో "తర్వాత" కూడా ఉంది. ఫ్రాంకో వైపు ముందు వరసలో పోరాడిన వేలమంది ఉత్తర మొరాకో వాళ్లు. వాళ్లలో రిఫ్ కొండల తెగల బిడ్డలూ ఉన్నారు. పదేళ్ల ముందే స్పెయిన్ ఆ తెగల తిరుగుబాటును అణిచేసింది. వాళ్ల నేలకి స్వయంపాలన ఇస్తామని ప్రకటించమని మొరాకో జాతీయవాదులు 1936లో బార్సిలోనా వచ్చి అడిగారు. అరాచకవాదులున్న మిలీషియా కమిటీ సరేనంది, మాడ్రిడ్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. మంత్రులయ్యాక కూడా అరాచకవాదులు దాన్ని సాధించలేకపోయారు.

భూమీ స్వయంపాలనా ముందే ఇచ్చుంటే రిపబ్లిక్ గెలిచేదా? ఎవరూ చెప్పలేరు. విమానాల్లో, ఫిరంగుల్లో శత్రువుది పైచేయి. అయితే వాయిదా వేసి కూడా గెలవలేదు. 1939 ఏప్రిల్ 1న యుద్ధం ముగిసింది. ఆ "తర్వాత" రానే లేదు.

అందుకే, ఈసారి ఎవరైనా "తర్వాత" అంటే ఒక్కటే అడగండి: ఎప్పుడు? ఏ తేదీన? ఎవరి హామీ మీద?