పట్నంలో పొత్తిగుడ్డలు

యానాం ప్రాంతంలోని అడవిపొలం వంటి ఊళ్లలో బాలింత ఉన్న ఇల్లు ఏదని ఎవరినీ అడగనక్కరలేదు. పెరటి దండెం మీద వరుసగా ఆరుతున్న పొత్తిగుడ్డలే చెబుతాయి. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను చింపి, అమ్మమ్మలు కాన్పుకు ముందే వాటిని సిద్ధం చేస్తారు. గంజి పోని కొత్తబట్ట పసికందు ఒంటికి గరుకు; పాతబట్ట తడిని చక్కగా పీల్చుకొంటుంది. ఆ అలవాటు వెనుక ఉన్న వివేకం అదే.

ఆ ఊరి ఆడపడుచు హైదరాబాదుకో, చెన్నైకో, పుదుచ్చేరికో కాపురానికి వచ్చినప్పుడు పరిస్థితి మారుతుంది. మూడో అంతస్తులో అద్దె ఇల్లు. వేళకు మాత్రమే వచ్చే నీరు. ఎండ తగిలే చోటు కిటికీ ఊచలే. పసిబిడ్డకు రోజుకు పదిసార్లయినా గుడ్డ మార్చవలసి ఉంటుంది. తోడుగా వచ్చిన అమ్మమ్మ ఊరికి తిరిగి వెళ్లిన మరునాడే ఇంటికి డైపర్ల కట్ట వస్తుంది. అందుకు ఆ తల్లిని తప్పుపట్టడం న్యాయం కాదు.

అయితే విప్పి పారవేయడంతో డైపరు పని ముగియదు. దాని పైపొర ప్లాస్టిక్కు. లోపల కలపగుజ్జు, తడిని పట్టి ఉంచే రసాయనపు గుళికలు. మరుగుదొడ్డిలో వేస్తే అది ఉబ్బి గొట్టాన్ని మూసివేస్తుంది. విప్పినది విప్పినట్లే చెత్తబుట్టలో వేస్తే, వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి మలం అంటుతుంది. ఆమె ఇంటా చంటిబిడ్డ ఉండవచ్చు. వాడిన డైపర్లను భద్రంగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు గృహస్థులను ఆదేశించాయి. మలాన్ని మరుగుదొడ్డిలో విదిలించి, డైపరును లోపలికి మడిచి, కాగితంలో చుట్టి, తడిచెత్తలో కలపకుండా అందించాలి.

గుడ్డకూ నీటిఖర్చు, శ్రమ ఉన్నాయి. దాని మేలు ఉతికే తీరును బట్టి ఉంటుందని బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. యంత్రం నిండుగా వేసి ఉతకడం, దండెం మీద ఆరవేయడం, అవే గుడ్డలను రెండో బిడ్డకూ వాడడం ఆ మేలును పెంచుతాయి. చివరి రెండూ మన అమ్మమ్మలకు ఎన్నడో తెలిసినవే.

కనుక పట్నంలో మధ్యేమార్గం అనుకూలం. పగలు ఇంట్లో గుడ్డ. రాత్రివేళ, ప్రయాణాలలో డైపరు. రెండు డజన్ల గుడ్డలుంటే ముసురు పట్టిన రోజు కూడా గడుస్తుంది. మలం అంటిన గుడ్డలను విడి బకెట్టులో నానబెట్టాలి. వేడినీటిలో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. బట్టలను మెత్తబరిచే సువాసన ద్రవాలు గుడ్డ పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. వానాకాలంలో ఆరీ ఆరని గుడ్డ మీద ఇస్త్రీ పెట్టాలి. గుడ్డయినా, డైపరయినా తడిసిన వెంటనే మార్చి, ఒళ్లు తుడిచి, కాసేపు గాలి తగలనివ్వాలి. ఎర్రదనం రెండు మూడు రోజులలో తగ్గకపోయినా, పొక్కులు లేచినా వైద్యునికి చూపాలి.

ఇక బకెట్టు ఎవరు పట్టాలన్నదే అసలు ప్రశ్న. ఊళ్లో అమ్మమ్మ, పిన్ని, వదిన ఆ చాకిరీని పంచుకొనేవారు. పట్నంలో వారందరి స్థానంలో ఉన్నది తండ్రి ఒక్కడే. పచ్చి బాలింతే గుడ్డలన్నీ ఉతకవలసివస్తే ఆ ఇంటికి డైపరే మేలు. తండ్రి పొద్దున్నే వాటిని జాడించి దండెం మీద వేయగలిగితే గుడ్డ మేలు. కాన్పుకు ముందే దంపతులు కలిసి కూర్చొని ఈ సంగతి నిర్ణయించుకోవాలని మనవి.