తెలుగు బడిలో మన పిల్లలు



మన ఇబ్రహీంపట్నంలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు బడిలో చేరితే కొన్నాళ్ళు నోరు మెదపదు. అంతే, "మొద్దు" అన్న పేరు పడిపోతుంది. ఇంటికొస్తే గలగలా మాట్లాడేదీ ఆ పిల్లే!

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇది కొందరికి తెలుసు. 21వ సెక్షనునే మనం పట్టించుకోము. సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు.

తెలుగు సరిగా రాదని మన తల్లులు బడి గడప తొక్కరు. ఉర్దూలోనే చెప్పండమ్మా, తెలుగులో చెప్పడానికి పక్కన మేముంటాం. కమిటీలో నిలబడే తల్లులు పేర్లిచ్చి వెళ్ళండి, కార్యదర్శిగారు రాసుకుంటారు.