మన ముఖం మీద హక్కు ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో ఒక ఫోటోగ్రఫీ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



"నివేదికలకు మంచి ఫోటోలు ఎలా తీయాలో కార్యకర్తలకు నేర్పండి" అని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేను ఇంకా నేర్చుకుంటున్నదాన్నే. మూడో సంవత్సరం విద్యార్థినిని. నేర్పేంత అనుభవం నాకు లేదు. అందుకని ఈ మూడేళ్ళలో నేను నేర్చుకున్నవి, చేసిన తప్పులు మీ ముందు పెడతాను. మా చదువులో మొదట మనుషుల ముఖాలు, తర్వాత ఆటలు, ఆ తర్వాత 'నీ గురించి నువ్వు' అని మూడు మెట్లున్నాయి. ఆ వరసలోనే చెబుతాను.

మాది నిజామాబాద్ వైపు ఒక పల్లె. మా అమ్మ బీడీలు చుడుతుంది. ముఖచిత్రం తీసుకురమ్మని కళాశాలలో మొదటి పని ఇచ్చినప్పుడు నేను ఇంటికెళ్ళి అమ్మ ముందే కెమెరా పెట్టాను. చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్నది. "ఆగు బిడ్డా, చీర మార్చుకుని పౌడర్ రాసుకుంట" అన్నది. వద్దన్నాను. "గిట్లనే తీస్తవా? నలుగురు చూస్తే ఏమంటరు?" అన్నది. బలవంతం చేసి తీశాను. బలవంతం అన్నమాట అప్పుడు నాకు తట్టలేదు. అది తర్వాత చెబుతాను.

ఫోటో చూస్తే అమ్మ ముఖం బొగ్గులాగా వచ్చింది. వెనక గోడ, గడప అన్నీ బాగున్నాయి. అమ్మ కళ్ళు మాత్రం కనపడలేదు. మన రంగే అంత కదా అనుకున్నాను. మా మేడమ్ ఆ ఫోటో చూసి "తప్పు మీ అమ్మ రంగుది కాదు, నీ మీటరుది" అన్నారు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఉంటుంది. ఎదురుగా ఏమున్నా దాన్ని నడిమి రకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. సున్నం వేసిన తెల్ల గోడ ముందు నల్లని మనిషిని కూర్చోబెడితే అది గోడను లెక్కలోకి తీసుకుని వెలుతురు తగ్గించేస్తుంది. గోడకు సరిపోయిన కొలత మనిషికి సరిపోదు. ముఖానికి తగ్గట్టు వెలుతురు పెంచుకోవాలి. మీ ఫోనులోనూ ఇది చేయవచ్చు. తెర మీద ముఖం దగ్గర వేలు పెట్టండి. చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకి జరపండి. తెల్ల గోడ ముందు కాకుండా గుమ్మానికి కాస్త లోపల, వెలుతురు పక్కనుంచి పడేటట్టు కూర్చోబెడితే ఇంకా మంచిది.

ఈ సంగతి వెనక ఒక చరిత్ర ఉంది. ఫిల్ము కాలంలో కోడక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి లాబ్‌లకు ఒక నమూనా కార్డు పంపేది. దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. 1950ల నుంచి చాలా కాలం దాని మీద ఉన్నది ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మే. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లవారి ముఖాలు ఆ కొలతలో సరిగ్గా కుదిరేవి కావు. చాక్లెట్లూ కర్ర సామానూ తయారుచేసే కంపెనీలు తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేసిన తర్వాతే కోడక్ ముదురు రంగుల మీద గట్టిగా దృష్టి పెట్టింది. మనుషుల ముఖాల కోసం కాదు, సరుకు కోసం! కొలబద్ద ఎవరు తయారుచేశారు, ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేశారు అన్న ప్రశ్న చట్టాల విషయంలో మీరు రోజూ అడుగుతారు. కెమెరా విషయంలో కూడా అడగాలని నాకు అక్కడ తెలిసింది. మన ఊళ్ళో స్టూడియోలు పెళ్ళిచూపుల ఫోటోలో అమ్మాయిని అడక్కుండానే రెండు ఛాయలు తెల్లగా చేసి ఇస్తాయి. అది మర్యాదగా చెలామణీ అవుతున్నది. కానీ ఆ ఫోటో ఆ అమ్మాయికి చెప్పేది ఒకటే: నువ్వు ఉన్నట్టుగా ఉంటే పనికిరావు అని.

ముఖచిత్రాల పాఠంలోనే నేను హోమాయ్ వ్యారావాలా గురించి విన్నాను. 1913లో నవసారిలో పుట్టిన పార్సీ స్త్రీ. మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా ఆమెను చెబుతారు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుతున్నప్పుడు తోటి విద్యార్థినులనే నిలబెట్టి ఫోటోలు తీసింది. వాటిలో అమ్మాయిలు సిగ్గుపడుతూ తల దించుకుని ఉండరు. తమ లోకంలో తామున్నట్టు ధీమాగా ఉంటారు. ఆమె తొలి ఫోటోలు కొన్ని ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. తర్వాత కాలంలో 'డాల్డా 13' అన్న మారుపేరుతో ప్రసిద్ధురాలయింది. 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మరుసటి ఏడు చనిపోయింది. తీసినది ఆమె, పేరు మరొకరిది! పొలంలో పని ఆమెది, పట్టా ఆయనది అన్న మాట మీకు కొత్త కాదు. ఇదీ అలాంటిదే.

ఇక ఆటల సంగతి. రెండో సంవత్సరంలో మైదానానికి పంపారు. మా తరగతిలో మగపిల్లలు క్రికెట్‌కు వెళ్ళారు. నేను అమ్మాయిల కబడ్డీకి వెళ్ళాను. ఆటలు తీయడం కష్టం. సెకనులో వెయ్యో వంతులో మూత తెరుచుకుని మూసుకోవాలి. లేకపోతే చేయీ కాలూ చెరిగిపోయి వస్తాయి. అందుకు వెలుతురు బాగా ఉండాలి. ఆట తెలిసి ఉండాలి. కూతకు వెళ్ళిన అమ్మాయికి 30 సెకన్లే సమయం. ఆమె ఎప్పుడు తిరుగుతుందో ముందే ఊహించకపోతే ఫోటో దొరకదు. కింద కూర్చుని, ఆటగాళ్ళ కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టాలి.

ఆటల్లో ఫోటో అలంకారం కాదు, సాక్ష్యం. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయింది. మనిషి కన్ను ఆ తేడాను పట్టుకోలేదు, ఫోటో ఫినిష్ పట్టుకుంది. అమెరికాలో 1967 బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ అనే విద్యార్థిని 261 నంబరుతో పరుగెత్తుతుంటే, నిర్వాహకుల్లో ఒకాయన దారిలోకి వచ్చి ఆ నంబరు చించబోయాడు. పత్రికా ఫోటోగ్రాఫర్లు దాన్ని తీశారు. ఆడవాళ్ళు అంతదూరం పరుగెత్తలేరని చెప్పే పెద్దమనుషులు ఒకామెను ఎలా ఆపబోయారో ప్రపంచం కళ్ళారా చూసింది. 1972లో బోస్టన్ మారథాన్ ఆడవాళ్ళను అధికారికంగా అనుమతించింది. 1984లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ వచ్చింది.

2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. అంత బరువు ఎత్తేటప్పుడు ఏ మనిషి ముఖమైనా ముడుచుకుంటుంది, నరాలు పొంగుతాయి. ఆడవాళ్ళు అలా కనపడకూడదని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. అందుకే అలాంటి ఫోటోలు మన గోడల మీద ఉండాలంటాను. ఇంకో పక్క చూడండి. 2021లో యూరప్‌లో నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు బికినీకి బదులు పొట్టి నిక్కర్లు వేసుకున్నందుకు 1500 యూరోల జరిమానా పడింది. గొడవయ్యాక ఆ ఏడాదే నియమం మార్చారు. ఒక చోట కప్పుకోలేదని తిడతారు, ఇంకో చోట కప్పుకున్నందుకు జరిమానా వేస్తారు. రెండు చోట్లా ఆట ఎవరికీ పట్టదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ కబడ్డీ పోటీల్లో ఒక ఇంటర్ అమ్మాయి కూతకు వెళ్ళింది. ముగ్గురు పట్టుకుని కింద పడేశారు. వాళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి, చేయి చాపి, వేలి కొసతో మధ్య గీత తాకింది. ఆ క్షణం నాకు దొరికింది. అంత మంచి ఫోటో నేను అంతకుముందు తీయలేదు. సంతోషం పట్టలేక ఒక పత్రిక జిల్లా విలేకరికి ఇచ్చాను. మర్నాడు అచ్చయింది. కానీ చోటు చాలక కాబోలు, ఒక పక్క కత్తిరించారు. ఆ కత్తిరింపులో చాపిన చేయీ, గీతా పోయాయి. మిగిలింది ఏమిటి? నేల మీద పడి, చొక్కా పైకి జరిగి, ముగ్గురి కింద నలుగుతున్న ఒక ఆడపిల్ల శరీరం.

ఆ ఫోటో ఊళ్ళో ఫోన్లలో తిరిగింది. వాళ్ళన్న చూశాడు. రెండో రోజు నుంచి ఆమెను ప్రాక్టీసుకు పంపలేదు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అక్కా, నేను గీత ముట్టిన కదా. పాయింట్లు తెచ్చిన కదా. ఆ చెయ్యి ఎందుకు లేదు?" అని అడిగింది.

నేను పూర్తి ఫోటో ప్రింటు తీయించి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ చాలాసేపు చూసింది. తండ్రి మాట్లాడలేదు. ఆ ఏడాది ఆమె ఆడలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. ఆట గురించి అడిగే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు. తప్పు పత్రికదేనని మొదట్లో చెప్పుకున్నాను. ఆ అమ్మాయికి చూపించకుండా, అడగకుండా ఇచ్చింది నేను. కత్తిరించవద్దని ఒక్క ముక్క రాసివ్వనిదీ నేనే. అమ్మ చీర మార్చుకుంటానన్నా ఆగకుండా తీసిన చేయీ ఇదీ ఒకటే.

ఆ తర్వాత మూడో పని ఇచ్చారు: నీ గురించి పది ఫోటోలు. అంతవరకూ నా ఫోటోలు ఏమున్నాయో వెతికాను. హాల్ టికెట్టు మీద ఒకటి, ఆధార్ మీద ఒకటి, బస్ పాసు మీద ఒకటి, సంబంధాల కోసం స్టూడియోలో తీయించినది ఒకటి. చివరిదాంట్లో నేను నా కంటే తెల్లగా ఉన్నాను. ఏ ఒక్కదాంట్లోనూ ఎలా కూర్చోవాలో, ఎటు చూడాలో నిర్ణయించింది నేను కాదు. కెమెరాను స్టాండు మీద పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి వెళ్ళి కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వారం రోజులు పట్టింది. చివరి ఫోటో మా ఇంటి గడప దగ్గర, అమ్మ కూర్చునే చోటే తీసుకున్నాను. పౌడర్ లేదు, నవ్వూ లేదు. చూసినవాళ్ళు "ఎందుకంత కోపంగా ఉన్నావు?" అన్నారు. నాకు కోపం లేదు. నవ్వలేదు, అంతే. ఆడపిల్ల నవ్వకపోతే కోపమని ఎవరు తేల్చారు?

అమ్మ ఫోటో కూడా మళ్ళీ తీశాను. ఈసారి చీర మార్చుకోనిచ్చాను. మార్చుకుని వచ్చి, చాట తనంతట తానే ఒళ్ళోకి తీసుకున్నది.

ఇక మీ పని గురించి నాలుగు మాటలు. సంస్థల నివేదికల్లో ఫోటోలు చూస్తుంటాను. దెబ్బలు తిన్న ముఖం, కొంగు అడ్డం పెట్టుకున్న తల్లి, కుట్టు మిషన్ పక్కన కృతజ్ఞతగా నవ్వుతున్న మనిషి. వాళ్ళకు ఆ ఫోటో ఎప్పుడైనా చూపించామా? నిధులిచ్చేవాళ్ళకు చూపించాం. తీయించుకున్న మనిషికి చూపించలేదు. సాయం అడగడానికి వచ్చిన మనిషి వద్దని ఎలా అంటుంది? ఆమె మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకోకూడదు.

చట్టం ఎంతవరకు వస్తుందో కూడా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిది. మనం ఊరికే తీసిన ఫోటో మీద హక్కు తీసినవారికి గానీ, తీయించిన సంస్థకు గానీ పోతుంది. అందులో ఉన్న స్త్రీకి కాపీరైట్ రాదు. కాబట్టి ఆమె అనుమతి తీసుకోవడం మన బాధ్యత. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా తీయడం నేరమని 2013లో చట్టం వచ్చింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. అలాంటి ఫోటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. తీయడానికి ఒప్పుకోవడం వేరు, పంచడానికి ఒప్పుకోవడం వేరు అన్న ఈ తేడాను మనం ప్రతి ఫోటోకూ పాటించాలి. అత్యాచారానికి గురైన స్త్రీని గుర్తుపట్టేలా ఏదీ అచ్చువేయరాదని 72వ సెక్షన్ చెబుతున్నది.

అందుకే నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. తీసేముందు అడుగుతాను. తీశాక చూపిస్తాను. వద్దంటే అక్కడే చెరిపేస్తాను. ఎక్కడ అచ్చవుతుందో చెబుతాను. ఎవరికి ఇచ్చినా కత్తిరించవద్దని రాసిస్తాను. ఒక ప్రింటు ఆమెకు ఇస్తాను. ఇంటికి ప్రింటు పోవడం ప్రమాదమైతే అదీ ఆమెనే అడుగుతాను.

అన్నిటికంటే ముఖ్యం, కెమెరా వాళ్ళ చేతికే ఇవ్వండి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత రైతు స్త్రీలు, బడి ముఖం చూడనివాళ్ళు కూడా, రెండు దశాబ్దాలకు పైగా తమ పంటల మీద, తమ బతుకుల మీద తామే వీడియోలు తీస్తున్నారు. వాళ్ళకు సాధ్యమైనది మీ సంఘంలో ఎందుకు కాదు? ఈ మధ్యాహ్నం మనం పక్కవాళ్ళ ఫోటో ఒకరికొకరం తీసుకుందాం. ముందు అడగండి. ఎలా కూర్చుంటారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. ముఖం దగ్గర వేలు పెట్టి వెలుతురు సరిచేయడం మరచిపోకండి.

సెలవు.